ఏ గడిలో రాశారు, తాళం ఎవరికిచ్చారు

మహబూబాబాద్ జిల్లాలో ఏ తండాకైనా పోయి ఒక ముసలామెను "నీ భాష ఏంది?" అని అడగండి. హిందీ అని చెప్పదు. 2011 జనగణనలో దేశం మొత్తమ్మీద 32 లక్షల 76 వేల మంది తమ మాతృభాష లంబాడీ అని చెప్పారు. మరో 15 లక్షల 81 వేల మంది బంజారీ అన్నారు. మహారాష్ట్రలో ఒక పేరు, మన దగ్గర ఇంకో పేరు, భాష మాత్రం ఒక్కటే. పట్టికలు బయటికొచ్చేసరికి ఈ రెండు పేర్లూ రెండు వేరు వరుసల్లో, రెండూ "హిందీ" అనే పెద్ద శీర్షిక కింద ఉన్నాయి.

ఆ శీర్షిక కిందే భోజ్‌పురి 5 కోట్ల 5 లక్షలు, రాజస్థానీ 2 కోట్ల 58 లక్షలు, ఛత్తీస్‌గఢీ 1 కోటి 62 లక్షలు, ఇంకా పదుల కొద్దీ పేర్లు. అన్నీ కూడితే హిందీవాళ్లు 52 కోట్ల 83 లక్షలు, అంటే నూటికి 43.63 మంది. "దేశంలో దాదాపు సగం మంది భాష" అని సభల్లో వినిపించే మాటకు ఆధారం ఈ కూడిక. హిందీయే నా మాతృభాష అని నోరు తెరిచి చెప్పినవాళ్లు 32 కోట్ల 22 లక్షలు. నూటికి 27 మందికి కొంచెం తక్కువ.

మైథిలి సంగతి చూస్తే ఇది ఇంకా తేటగా కనబడుతుంది. 1991 జనగణన దాకా మైథిలి హిందీ పద్దులోనే ఉంది. 2003లో 92వ రాజ్యాంగ సవరణ వచ్చి మైథిలి, సంతాలీ, బోడో, డోగ్రీ భాషలను రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్లో చేర్చింది. ఆ తర్వాత వెలువడిన 2001 లెక్కల్లో 1 కోటి 21 లక్షల మంది హిందీ పద్దు నుంచి బయటికొచ్చి వేరే పద్దులో కూర్చున్నారు. మైథిలి మాట్లాడే బీహార్ దర్భంగాలో ఒక్క మనిషి కూడా తన మాట మార్చుకోలేదు. మారింది పట్టికలో గడి.

హిందీ మీద నాకు కోపం లేదు. నేను చెప్పేది మెజారిటీ అనేదాని గురించి. ఒక దేశంలో ఫలానావాళ్లు ఎక్కువమంది అనేది కొండలాగానో వాగులాగానో ముందే ఉన్న విషయమని మనం అనుకుంటాం. నిజానికి దాన్ని కూడతారు. ఏ పేర్లను ఒక గడిలో వెయ్యాలో, సరిహద్దు ఎక్కడ గీయాలో ఒక ఆఫీసులో నిర్ణయమవుతుంది. అట్లా కూడిన అంకె చేతికొచ్చాక "ఈ దేశం మాది, మిగతావాళ్లు మాతో ఉంటున్నవాళ్లు" అనే మాట పుడుతుంది. జాతీయవాదంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ రెండో మెట్టు. జెండా మీద ప్రేమ ఉండటం వేరు, ఇంటి తాళం చెవి మన ఒక్కరి మొలకే ఉండాలనడం వేరు.

ఈ సంగతి వరంగల్ వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇల్లు కదలకుండా హనుమకొండలోనే వందేళ్లు కూర్చున్న ఒక మనిషిని ఊహించుకోండి. నిజాం రాజ్యంలో ఆయన అతిపెద్ద భాషా సమూహంలోని మనిషి. రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు, నాలుగో వంతు మరాఠీవాళ్లు. అయినా 1884లో ఫారసీ పోయి ఉర్దూ రాజభాష అయింది. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం వస్తే అందులో చదువూ ఉర్దూలోనే. తెలుగు పుస్తకం చదువుకోవడానికి జనమే చందాలేసుకుని 1904లో హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకోవాల్సి వచ్చింది. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధని సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి, ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఆ గోల చేసింది రాజుగారి మనుషులు కాదు, పక్క భాషల సోదరులే. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. అంటే, సంఖ్య ఉన్నంత మాత్రాన మెజారిటీ కాలేరు. రాజ్యం ఎవరి భాషలో మాట్లాడుతుందో, ఎవరి అలవాటును మామూలు అనుకుంటుందో వాళ్లే మెజారిటీ.

1956 నవంబరు 1న అదే మనిషి తెలుగు రాష్ట్రంలోకి వచ్చాడు. చుట్టూ తెలుగే. మరి మెజారిటీ అయ్యాడా? ఉమ్మడి రాష్ట్రం ఆఖరి రోజుల్లో చూసినా 294 మంది ఎమ్మెల్యేల్లో తెలంగాణవాళ్లు 119, 42 మంది ఎంపీల్లో 17. భాష ఒక్కటే అయినా ఒకరి మాట భాష అయింది, ఇంకొకరిది యాస అయింది. పాఠ్యపుస్తకం ఒకరి తెలుగులో, సినిమాలో నవ్వించే పాత్ర ఇంకొకరి తెలుగులో. 2014 జూన్ 2న ఆయన ఎట్టకేలకు సొంత రాష్ట్రంలో మెజారిటీ అయ్యాడు. ఈ మొత్తం కాలంలో ఢిల్లీ నుంచి చూస్తే మాత్రం ఆయన ఎప్పుడూ నూటికి పది మంది కూడా లేనివాళ్లలో ఒకడు. 2011 లెక్క ప్రకారం తెలుగువాళ్లు 8 కోట్ల 11 లక్షలు, నూటికి 6.70.

ఇక తాళం సంగతి. తెలంగాణ చరిత్రలో ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పాఠమని నా నమ్మకం. మనం దాన్ని త్యాగాల కథగా మాత్రమే చెప్పుకుంటున్నాం. అందులో ఒక పనిముట్టు కథ కూడా ఉంది.

1919 ఫర్మానాతో ముల్కీ నిబంధనలు వచ్చాయి. ప్రభుత్వ ఉద్యోగానికి స్థానికుడై ఉండాలి, లేదా 15 ఏళ్లు ఇక్కడే నివసించి, తిరిగి పోయే ఉద్దేశం లేదని ప్రమాణపత్రం ఇవ్వాలి. 1948లో నిజాం రాజ్యాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాత బయటినుంచి ఉద్యోగులు వచ్చారు, దొంగ ముల్కీ సర్టిఫికెట్లు వచ్చాయి. 1952లో మొదట వరంగల్‌లోనే విద్యార్థులు రోడ్డెక్కారు. సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. నిబంధన కాగితం మీద చక్కగానే ఉంది, కానీ సర్టిఫికెట్ ఇచ్చే సంతకం ఎవరిదో, తప్పుడు సంతకాన్ని ఎవరు పట్టుకోవాలో అందులో లేదు. రక్షణలు పాడయ్యేది ఎక్కువగా ఇట్లాంటి చోటనే.

1955 సెప్టెంబరులో రాష్ట్రాల పునర్విభజన సంఘం ఇచ్చిన నివేదికలో ఒక మంచి తాళం ఉంది. తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచండి, 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే ఆంధ్రలో కలపండి అన్నారు. చూడండి, తాళం చెవి చిన్న పక్షం చేతిలో ఉంది. దాన్ని పక్కనపెట్టి 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకులు పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. మంత్రివర్గంలో 60:40 అన్నారు, ముఖ్యమంత్రి ఒక ప్రాంతమైతే ఉపముఖ్యమంత్రి ఇంకో ప్రాంతం అన్నారు, ప్రాంతీయ మండలి అన్నారు. అన్నీ మంచి మాటలే. అమలు చేసేది మాత్రం పెద్ద పక్షం మెజారిటీ ఉన్న ప్రభుత్వం. మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేడు. ఎవరి దగ్గరికి పోయి అడగాలి?

తర్వాతదంతా ఆ ఒక్క లోపం నుంచే నడిచింది. 1969 మార్చిలో సుప్రీంకోర్టు, తెలంగాణకు నివాస షరతు పెట్టిన 1957 చట్టంలోని సెక్షన్‌ను కొట్టేసింది. 1972 అక్టోబరులో అదే కోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది. వెంటనే అటువైపు ఆంధ్రను వేరు చెయ్యమని జై ఆంధ్ర ఉద్యమం లేచింది. స్థానికులకు ఉద్యోగాల్లో వాటా కోసం 1973లో ఆరు సూత్రాల పథకం, 371-డి అధికరణ, 1975లో రాష్ట్రాన్ని జోన్లుగా విడదీసిన రాష్ట్రపతి ఉత్తర్వు. ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం ఐదో జోన్. పదేళ్లు తిరక్కుండానే స్థానికేతరులను వెనక్కి పంపమని 1985 డిసెంబరు 30న 610 జీవో తేవాల్సి వచ్చింది. అందులో గడువు 1986 మార్చి. ఆ జీవో అమలు చెయ్యండని 2000ల దాకా అడుగుతూనే ఉన్నాం.

మరి 2014లో సొంత రాష్ట్రం ఎట్లా సాధ్యమైంది? ఉద్యమం వల్ల, ప్రాణాల వల్ల. అది నిజం. దాంతోపాటు ఇంకోటి కూడా ఉంది. 2014 జనవరి 30న ఉమ్మడి రాష్ట్ర శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. రాష్ట్రాల విభజన గురించి చెప్పే రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం శాసనసభ అభిప్రాయం అడగాలి, ఒప్పుకోవాలన్న షరతు లేదు. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. ఆ చెవి గనక రాష్ట్ర మెజారిటీ చేతిలో ఉండి ఉంటే 119 మంది 175 మందిని ఏ జన్మకూ దాటేవాళ్లు కాదు. నిజాయితీగా చెప్పాలంటే, ఇదే మూడో అధికరణ రేపు ఇంకో చిన్న పక్షానికి వ్యతిరేకంగా కూడా వాడొచ్చు. చెవి మన దగ్గర లేనప్పుడు అది మూడో మనిషి దగ్గర ఉండటం మేలు, అంతవరకే.

ఇప్పుడు సముద్రం దాటి చూద్దాం. స్వాతంత్య్రం నాటికి శ్రీలంకలో సింహళీయులు నూటికి 70 మంది దాకా. స్వాతంత్య్రం వచ్చిన 1948లోనే పౌరసత్వ చట్టం చేసి తేయాకు తోటల్లో పనిచేసే సుమారు 7 లక్షల మంది తమిళులకు పౌరసత్వం లేకుండా చేశారు. ఓటర్లలో మెజారిటీ వాటా ఒక్క చట్టంతో పెరిగింది. 1956లో 33వ నంబరు చట్టం, దేశానికి సింహళం ఒక్కటే అధికార భాష అంది. చాలా చిన్న చట్టం అది. ఉద్యోగంలో ఉన్న తమిళులు సింహళ పరీక్ష పాసవ్వాలి, కొత్తగా వచ్చేవాళ్లకు తలుపే సన్నగిల్లింది. అప్పటి చర్చలో కాల్విన్ ఆర్. డి సిల్వా అనే వామపక్ష నాయకుడు, ఆయన కూడా సింహళీయుడే, ఒకే భాష అంటే రెండు దేశాలవుతాయి, రెండు భాషలంటే ఒక దేశంగా ఉంటాం అని హెచ్చరించాడు. 1957లో ప్రధాని బండారనాయకె తమిళ నాయకుడు చెల్వనాయకంతో ఒప్పందం చేసుకున్నాడు. బౌద్ధ భిక్షువులు ఇంటిముందు కూర్చునేసరికి 1958 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్నాడు. 1959లో ఒక భిక్షువే ఆయనను కాల్చి చంపాడు. తమిళాన్ని కూడా అధికార భాషగా రాసుకున్నది 1987లో, 13వ సవరణతో. అప్పటికి 31 ఏళ్లు గడిచాయి, 1983 జూలైలో తమిళుల ఊచకోత జరిగిపోయింది, యుద్ధం ఇంకా 2009 మే దాకా సాగాల్సి ఉంది.

నూటికి 70 మంది ఉన్నవాళ్లకు భయమెందుకు? పాక్ జలసంధికి ఆవల తమిళనాడు ఉంది గనక. దేశంలో తామే ఎక్కువ, సముద్రం దాటితే తామే తక్కువ. సంఖ్య ఉన్నవాళ్లు తమను తాము మైనారిటీ అనుకోవడం మొదలుపెట్టినప్పుడు ఎంత చిన్న హక్కు ఇచ్చినా దోపిడీలాగే తోస్తుంది. ఈ భయాన్ని వెక్కిరిస్తే లాభం లేదు, అది మనుషుల్లో నిజంగా ఉంటుంది. దానికి ఏ గడి, ఏ చట్టం మేత వేస్తున్నాయో చూడాలి.

పాకిస్తాన్‌లో ఇంకో తీరు. 1951లో అక్కడ సగానికి మించి బెంగాలీలే. 1948 ఫిబ్రవరిలో ధీరేంద్రనాథ్ దత్తా రాజ్యాంగ సభలో బెంగాలీకి కూడా చోటివ్వమంటే కాదన్నారు. మార్చిలో జిన్నా ఢాకా పోయి ఉర్దూ ఒక్కటే అన్నారు. 1952 ఫిబ్రవరి 21న విద్యార్థుల మీద కాల్పులు. 1955లో పశ్చిమ ప్రాంతాలన్నిటినీ 'ఒకే యూనిట్'గా కుట్టి, తర్వాతి ఏడాది రాజ్యాంగంలో ఇటు 150 అటు 150 సీట్లు అన్నారు. మెజారిటీని లెక్కలోనే మాయం చేశారు. 1970 డిసెంబరు ఎన్నికల్లో బెంగాలీలుండే తూర్పు పాకిస్తాన్‌లో 162 సాధారణ స్థానాల్లో 160 వాళ్ల పార్టీ అవామీ లీగ్ గెలిచింది. మహిళా స్థానాలతో కలిపి 313లో 167. ప్రభుత్వం ఇవ్వలేదు. 1971 మార్చి 25 రాత్రి సైన్యం దిగింది.

అట్లా దెబ్బలు తిని, లక్షల ప్రాణాలు పోగొట్టుకుని దేశం తెచ్చుకున్న బెంగాలీలు 1972లో రాజ్యాంగం రాసుకున్నారు. అందులో ఆరో అధికరణ, బంగ్లాదేశ్ పౌరులు బెంగాలీలుగా పిలవబడతారు అంది. చిట్టగాంగ్ కొండల నుంచి వచ్చిన సభ్యుడు మానబేంద్ర నారాయణ్ లార్మా లేచి, నేను చక్మాను, బెంగాలీని కాను అన్నాడు. ఆ కొండల్లో 1962లో కప్తాయ్ డ్యామ్ కింద దాదాపు లక్ష మంది, ఎక్కువగా చక్మాలే, అప్పటికే ఊళ్లు పోగొట్టుకుని ఉన్నారు. అతని మాట వినలేదు. కొండల్లో సాయుధ పోరాటం 1997 డిసెంబరు ఒప్పందం దాకా నడిచింది. భాష కోసం ప్రాణమిచ్చినవాళ్లు ఇరవై ఏళ్లకే ఇంకొకరి పేరు తుడిచేశారు. వాళ్లు చెడ్డవాళ్లని నేననను. పనిముట్టు ఫైల్లోనే ఉంటుంది, కుర్చీలో మనిషి మారతాడు, పాత పనిముట్టు కొత్త చేతికి వస్తుంది.

ఈ కథ నేను మన గిరిజన ఏజెన్సీ వైపు, ఉట్నూరు, ఏటూరునాగారం వైపు చూస్తూ చదువుతాను.

2000 జనవరిలో ఉమ్మడి రాష్ట్ర గవర్నరు గిరిజన ప్రాంతాల కోసం రాజ్యాంగంలో ఉన్న ఐదో షెడ్యూలు అధికారంతో 3వ నంబరు జీవో ఇచ్చారు. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే. కారణం కూడా చెప్పారు. బయటినుంచి వచ్చిన టీచర్లు ఏజెన్సీలో ఉండటం లేదు, బడులు మూతపడే ఉంటున్నాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు షరతులతో నిలిచాయి. తీర్పు న్యాయశాస్త్రపరంగా ఎట్లా ఉన్నా, 610 జీవో అంటే ఏందో పసిపిల్లలకు కూడా తెలిసిన మన నేల మీద 3వ జీవో పోయిన రోజు వరంగల్ చౌరస్తాలో ఏ అలజడీ లేదు. స్థానికులకు ఉద్యోగం అనే అదే మాటను గూడెం అడిగితే మనకు వినబడలేదు. నన్ను బాగా బాధపెట్టే విషయం ఇది.

బడి లోపలికి పోయి చూడండి. గోండి మాట్లాడే పిల్ల ఒకటో తరగతికి వస్తుంది. ఇంట్లో గోండి. టీచరు మాట తెలుగు. 2018 చట్టంతో పదో తరగతి దాకా అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం. ఆ పిల్లకు మొదటిరోజే రెండు పరాయి భాషలు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణలో 1956 నుంచీ చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, లంబాడీ భాషల్లో వాచకాలు తయారు చేశారు కూడా. పుస్తకం వస్తే సరిపోదు. ఆ భాష వచ్చిన టీచరు అదే బడిలో ఉండాలి, బదిలీ అయితే ఆ భాష వచ్చినవాళ్లే రావాలి, ఆ పిల్ల తెలుగులోకి మెల్లగా దాటడానికి ఏళ్ల తరబడి ఒకే పద్ధతి నడవాలి. ఈ మూడింట్లో ఏది తెగినా వాచకం బీరువాలోకి పోతుంది.

"తెలుగే కష్టంలో ఉంటే గోండి సంగతా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంగ్లీషు ముందు తెలుగు నిజంగానే నలుగుతోంది, తెలుగు చట్టాన్ని నేను సమర్థిస్తాను. రాజ్యానికి ఏదో ఒక భాష ఉండాలి, అందరి భాషల్లో అన్ని ఫైళ్లూ నడవవు. కానీ ఆ చట్టం పక్కనే ఏజెన్సీ మండలాలకు ఒక తలుపు పెట్టడం వల్ల తెలుగుకు తరిగేదేమీ లేదు. ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలం గుంజాలలో పాత రాతప్రతులతో పాటు బతికి వచ్చిన గోండి లిపికి 2018లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ఫోన్లో ఆ అక్షరాలకు దారి పడింది. లిపి లేని భాష అనే సాకు కూడా ఇక లేదు.

చిన్న పక్షాల్లోనూ ఇదే కూడిక నడుస్తుంది. తెలంగాణ ప్రాంతంలో లంబాడాలు 1976లో ఎస్టీ జాబితాలోకి వచ్చారు. ఇవాళ రాష్ట్ర ఎస్టీల్లో సగానికి మించి వాళ్లే. గోండు, కోయ, కొలాం యువకులు 2017లో వీధికెక్కింది ఈ గడి గురించే. లంబాడాల పేదరికం నిజం, తండాల కష్టం నిజం. కొలాం గూడేనికి ఉద్యోగం దక్కకపోవడమూ నిజం. గడి లోపల గడి గీసి వాటా పంచడమే దీనికి దారి అనుకుంటాను. ఎవరిని బయటికి తోసినా గాయమే.

ఇక చేతిలో ఉన్న పని. 2027 మార్చి 1 ప్రాతిపదికగా వచ్చే జనగణనలో 1931 తర్వాత మొదటిసారి అన్ని కులాలనూ లెక్కిస్తున్నారు. అందరి కళ్లూ కులం గడి మీదున్నాయి. భాష గడిని ఎవరూ పట్టించుకోవడం లేదు. 2011 ఫారంలో అది పదో ప్రశ్న. ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసే ఎన్యూమరేటర్లకు ఇచ్చిన సూచన చాలా స్పష్టంగా ఉంది: చిన్నప్పుడు తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాషే మాతృభాష, చెప్పిన పేరును చెప్పినట్టే పూర్తిగా రాయాలి, అది భాషా, మాండలికమా అని తేల్చడం ఎన్యూమరేటర్ పని కాదు, ఇంట్లో అందరికీ ఒకే భాష ఉండాలన్న నియమమూ లేదు. చెడేది ఎక్కడంటే, అడిగే మనిషి తెలుగు టీచరు, అడిగేది తెలుగులో, ఇంటాయన జవాబు చెప్పేది తెలుగులో. మొదటి పేరు పక్కన "తెలుగు" అని పడితే కింద అందరికీ అదే పడిపోతుంది. పదకొండో ప్రశ్న, తెలిసిన ఇతర భాషలు, రెండింటి దాకా రాయొచ్చు. తెలుగు రాయాల్సింది అక్కడ.

రెండో చోటు పేరు. దేశం మొత్తమ్మీద 10 వేల మంది చెబితేనే ఒక మాతృభాష పేరు పట్టికలో విడిగా కనబడుతుంది. తక్కువైతే 'ఇతరులు'. 2011లో జనం చెప్పిన పేర్లు 19,569. వడపోత తర్వాత 1,369 మిగిలాయి, 10 వేలు దాటినవి 270. ఒకే తండాలో ఒకరు గోర్ బోలి అని, ఒకరు లంబాడీ అని, ఇంకొకరు బంజారా అని చెబితే ఒక భాష మూడు ముక్కలవుతుంది, ఏ ముక్కా తన బరువు చూపించలేదు. వాటిని హిందీ కింద వెయ్యొద్దని అడగాలంటే ముందు అవన్నీ ఒక్క పేరు మీద ఉండాలి. ఏ పేరన్నది తండా నాయక్‌లు, గూడెం పటేళ్లు, సంఘాలు కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసేది 2027 ఫిబ్రవరిలో. ఆ కూర్చోవడం అంతకు ముందే కావాలి.